నది చివర మంచినీళ్ళు

రెండు రాష్ట్రాల సరిహద్దులో కృష్ణ మీదున్న జలవిద్యుత్ కేంద్రంలో నాన్న ముప్పై ఏళ్ళు టర్బైన్లు నడిపారు. తన అస్థికలు ఆ నది సముద్రంలో కలిసేచోట వదలమన్నారు. అందుకే పోయిన వేసవిలో దివిసీమ వెళ్ళాను.

సంగమం దగ్గర పడవ ఆపి, జాలరి నాంచారయ్య గారు అడిగారు. "ఏటినీళ్ళు తెచ్చుకున్నారాండీ?"

"ఏట్లోనే ఉన్నాం కదా."

ఆయన ఏట్లోంచి ముంచి నా దోసిట్లో నీళ్ళు పోశారు. నోట్లో పోసుకుంటే ఒట్టి ఉప్పు.

"పైన గేట్లెత్తిన నాలుగు రోజులే ఇది కృష్ణ. తక్కినప్పుడు సముద్రమేనండి. మావాళ్ళు విజయవాడ నుంచి సీసాతో తెచ్చుకుని, బూడిద తడిపి వదులుతారు."

నాన్న ఉద్యోగం సంగతి చెప్పాను.

"అయితే మా ఇంట్లో ఫ్యాను తిరిగేది ఆయన చలవేనన్నమాట," అన్నారాయన, నవ్వకుండా. తర్వాత తను తాగడానికి తెచ్చుకున్న క్యాను మూత తీసి నా ముందు పెట్టారు. "కాలవనీళ్ళు. అవీ కృష్ణవేనండి. పోయండి."

"మరి మీకో?"

"ఒడ్డుకెళ్ళాక తాగుతాలెండి."

మొహమాటపడి సగమే పోశాను. ఆయన క్యాను అందుకుని మిగతా సగం తనే నాన్న మీద పోశారు.