‘చదివించిన’ అనే మాట

మా తెలుగు సారు పోయారని మొన్న ఆదివారం పొద్దున తెలిసింది. కేసముద్రం నుంచి పాసింజరు బండిలో వచ్చిన మా తమ్ముడు, జనగామలో మా ఇంటి గుమ్మం ముందు చెప్పులైనా విడవకుండా, “అక్కా, సారు పోయిండు. నాయిన నిన్ను తోలుకరమ్మన్నడు” అన్నాడు. కట్టుకున్న చీరతోనే బయల్దేరాను.

సారును బడి వరండాలో పడుకోబెట్టారు. ఊరి పెద్దలు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఒకాయన మహామనీషి అన్నాడు. ఇంకొకాయన సరస్వతీపుత్రుడన్నాడు. మూడో ఆయన దొరికిన బిరుదులన్నీ కలిపి ఒకే గుక్కలో చదివాడు. నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది. సారు గనక లేచి కూర్చోగలిగితే వాటన్నిటి కింద ఎర్ర పెన్సిలుతో గీత కొట్టేవారు. మా నోటుబుక్కుల్లో ఎన్నిసార్లు కొట్టారో. “మా నాయనమ్మ చాలా గొప్పది” అని రాస్తే పక్కన చిన్న అక్షరాలతో “ఏం చేసింది?” అని ఉండేది. మళ్లీ రాసుకొచ్చేదాకా వదిలేవారు కాదు.

ఆయన నోట ‘బాగుంది’ అన్న మాట మేమెన్నడూ వినలేదు. పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినా, వ్యాసం రెండు పేజీలు రాసినా, “నడుస్తది, కూసో” అంటే అదే పెద్ద బహుమానం. నాకేమో నోరెక్కువ, మెప్పు మీద ఆశ అంతకన్నా ఎక్కువ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఒక్కసారన్నా బాగుందనరాదా సారూ అని.

“అంటే గాడ్నే ఆగుతవు బిడ్డా” అన్నారు.

ఇంత పిసినారి మనిషి దగ్గరికే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా సన్మానపత్రాలు రాయించుకోవడానికి వచ్చేవారు. బయ్యారం నుంచి కూడా వచ్చేవారు. ఆయన దస్తూరి అంత బాగుండేది. అందరికీ దానకర్ణులు కావాలి, దీనబంధువులు కావాలి. సారు మాత్రం చేసిందే రాసేవారు. మా ఊరి పటేలుకు బడిలో సన్మానం పెట్టినప్పుడు పత్రమంతా కలిపి ఒక్క వాక్యం: “వీరు పాఠశాల బావికి గిలక ఇప్పించారు.” పటేలు ముఖం మాడ్చుకుని గింతేనా పంతులూ అని అడిగితే, “ఇంకోటి ఇయ్యిండ్రి, ఇంకో ముచ్చట రాస్త” అన్నారట. మరుసటేడు ఆడపిల్లలం కూర్చునే గదికి బెంచీలొచ్చాయి. పటేలు పత్రం రెండు వాక్యాలైంది!

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. అప్పుడు నేను ఏడో తరగతి. నాయిన మార్కెట్ యార్డులో హమాలీ, అమ్మ కూలికి పోయేది. బడి లేదు కదా అని నేనూ అమ్మ వెంట మిరపకాయలు ఏరడానికి పోయాను. అలవాటైపోయింది. బడి మళ్లీ తెరిచేసరికి ఇంట్లో నా పని కూడా లెక్కలో చేరిపోయింది. చదివింది చాలు, తల్లికి ఆసరా అవుతుంది అన్నాడు నాయిన. మా వాడలో ఆడపిల్ల అంతవరకు చదవడమే ఎక్కువని ఆయన లెక్క.

సారు రెండుసార్లు ఇంటికొచ్చారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నీ బిడ్డ బాగా చదువుతుంది, తెలివైనది అని ఒక్క మాటంటే నాయిన మెత్తబడేవాడేమో. అనలేదు. “బడికి ఎప్పటి సంది తోలుతవు తమ్మీ?” అని అడిగారు. నాయిన చేతులు కట్టుకుని, ఆడపిల్లకు ఇంక ఎందుకు సారూ అన్నాడు. సారు మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఒక్క మెప్పు మాటకు ఏం పోయింది ఈయన సొమ్ము అనుకున్నాను.

తర్వాత వారమే బడి వార్షికోత్సవం. కుర్చీలు మోయడానికి యార్డు నుంచి హమాలీలను పిలిచారు. నాయిన కూడా వచ్చి, తువ్వాల భుజాన వేసుకుని వెనక నిలబడ్డాడు. వేడుక చూద్దామని వెంటపడి వచ్చిన నేను ఆయన పక్కనే ఉన్నాను. పటేలుకు శాలువా కప్పడం అయింది. అందరూ లేవబోతుంటే సారు బల్ల కింద నుంచి ఇంకో అద్దాల పటం తీశారు. తీసి మా నాయిన పేరు పిలిచారు.

తోటి హమాలీలు నాయినను ముందుకు తోశారు. సారు ఆయన్ను పటేలు పక్క కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. పత్రం చదవమని నన్ను పిలిచారు. చదవడం మొదలుపెట్టాను: “వీరు హమాలీ పని చేస్తూ తమ కూతురిని పదవ తరగతి వరకు చదివించిన...”

అక్కడ ఆగిపోయాను. నేనింకా ఏడు దాటలేదు. చదివించిన అంటే జరిగిపోయింది, చదివించబోయే అంటే జరగాల్సింది అని మాకు నూరిపోసింది ఈయనే. ఆయన రాతలో తప్పు దొరకడం అదే మొదటిసారి. తప్పు పడ్డది సారూ అని మెల్లగా చెప్పాను.

“తప్పు గాదు బిడ్డా. జర ముందుగాల రాసిన. సదువు.”

గొంతెత్తి చదివాను. హమాలీలు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. నాయిన నన్ను చూశాడు, సారును చూశాడు. సారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

ఆ సాయంత్రం అమ్మ, రేపు బిడ్డను మిరపకాయలు ఏరడానికి తీసుకుపోనా అని అడిగింది. నాయిన పటాన్ని గోడకు కొడుతున్నాడు. మేకు దిగాక ఇటు తిరిగాడు.

“గా సారు పటేలుకే అబద్ధం రాయలే. నా గురించి రాసింది అబద్ధం కావాల్నా?”

తెల్లారి బడికి పోయాను. నేను గెలిచానని ఊరంతా వినేట్టు పద్యం చదువుకుంటూ పోయాను. అప్పుడర్థమైంది, సారు మెప్పును అన్నేళ్లు ఎందుకు దాచుకున్నారో. ఎడాపెడా పొగిడే మనిషి రాసిన పత్రమైతే నాయిన గోడకు కొట్టి మరిచిపోయేవాడు.

మూడేళ్ల తర్వాత పది ఫలితాలొచ్చాయి. పేపర్లో నా నంబరు చూసుకుని యార్డుకు పరిగెత్తాను. నాయిన వీపు మీది బస్తా అక్కడే దించేశాడు. సేటు అరుస్తున్నా వినకుండా ఇంటికి పోయి, పటం తీసి, తువ్వాలతో తుడిచి, నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి నడిచాడు. ఇప్పుడు మీ రాత సరిగ్గున్నదా సారూ అని అడిగాడు. సారు పటం తిప్పి, వెనక అట్ట మీద ఎర్ర పెన్సిలుతో పెద్ద టిక్కు పెట్టారు.

“బాగుంది తమ్మీ” అన్నారు. నాకు కాదు, నాయినకు. నన్ను చూసి, “నువ్వు గాడ్నే ఆగకు” అన్నారు. ఆగలేదు. ఇప్పుడు నేనూ తెలుగు టీచర్నే. నా దగ్గరా ఎర్ర పెన్సిలుంది.

మొన్న వరండాలో పెద్దల మాటలన్నీ అయ్యాక నాయిన ముందుకొచ్చాడు. చంకలో అదే పటం. దాన్ని రెండు చేతులతో నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

“నా పేరు తీసేసి, గాడ సారు పేరు వెట్టి సదువు బిడ్డా.”

చదివాను. సారు పేరు పలికి, హమాలీ పని చేస్తూ అన్న ముక్క వదిలేసి, చదివించిన అన్న మాట దగ్గర ఈసారి ఆగకుండా చదివాను. ‘ఏం చేసిండు?’ అని అడగడానికి సారుకైనా అందులో చోటు లేదు.

వెనక్కి వస్తుంటే నాయిన నాకంటే ముందు నడిచాడు. పటాన్ని బస్తా మోసిన భుజం మీదే పెట్టుకున్నాడు. ఇంటిదాకా ఆ ఎర్ర టిక్కు నాకు కనిపిస్తూనే ఉంది.