రిజర్వులో ఉండిపోయిన పూలదండ

ఆఫ్రికాలో శాంతిని కాపాడమని ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేట జనం పూలదండ వేసి సాగనంపిన సైనికుడు పక్క స్టేషను హిజ్లీ కూడా దాటలేదు. ఆ మహావీరుణ్ణి నేనే. ఏడాదిపాటు ఈ మాట నా నోట రాలేదు. మిగిలిన కాస్త పరువు పోయినా సరే, ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను.

అప్పట్లో నేనూ, సింహాచలమూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లం. ఏడాదికో నెల యూనిఫాం తొడుక్కునే పార్ట్‌టైం సైనికులం కూడా. మాలాంటి వాళ్లను శాంతిసేనలోకి తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరం పేర్లిచ్చాం. హవల్దారు జాబితా చూసి, "తుమ్హారా నామ్ రిజర్వ్ మే హై" అన్నాడు నాతో, నీ పేరు రిజర్వులో ఉందని.

మీరే చెప్పండి, రైల్వేవాడికి రిజర్వంటే ఏమిటి? బెర్తు ఖాయం! విమానం లేదు, వీసా లేదు, నా పేరు శాంతిసేన! సాయంత్రానికల్లా బజారంతా చాటేశాను.

"ఓలమ్మా, అక్కడ సింహాలుంటాయంట కదరా!" అని కళ్లొత్తుకుంది పక్కింటి నరసమ్మ పిన్ని.

"సింహాలేటి పిన్నీ! నన్ను సూస్తే తోక ముడిసేస్తాయి."

బ్యాచ్ బయల్దేరే రోజున ప్లాట్‌ఫాం మీద నా మెడలో ఏనుగు తొండమంత బంతిపూల దండ. ఇంతలో సింహాచలం తన ట్రంకుపెట్టె తనే మోసుకుంటూ వచ్చాడు.

"నువ్వెక్కడికి బావా?"

"ఆఫ్రికాకి! రిజర్వులో ఉన్నాను కదరా."

వాడు నా చెవి దగ్గరకు వంగాడు. "మిలట్రీలో రిజర్వంటే వెయిటింగ్ లిస్టు బావా. నాను రాకపోతేనే నువ్వెల్లాల. నాను వచ్చీసినాను."

నేను దండలో మొహం దాచుకున్నాను. "సెప్పకురా, పిన్ని సూస్తంది!"

వాడు చెప్పలేదు. జేజేలన్నీ నాకే. నిజంగా వెళ్లేవాడికి చెయ్యూపిన మనిషి లేడు.

అంతమంది చూస్తుంటే నేనూ బండెక్కక తప్పలేదు. హిజ్లీలో సిగ్నల్ పడక బండి ఆగింది. దూకేశాను, దండతో సహా! "కీ దాదా, బియే?" అన్నాడు స్టేషను బయట టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపేవాడు. పెళ్లా అని! మోకాలు బాగాలేదని వెనక్కి పంపారని ఇంటి దగ్గర బొంకాను. పాపం, పిన్ని ఆ మోకాలికి నెల్లాళ్లు ఆముదం రాసింది.

ఏడాదికి సింహాచలం తిరిగొస్తున్నాడని తెలిసి, పేటనంతా స్టేషనుకు తీసుకెళ్లాను. అందరి ముందూ నిజం కక్కి, వాడి మెడలో కొత్త దండ వేశాను.

"తప్పయిపోనాదిరా. ఇది నీ దండే. నా కాడ రిజర్వులో ఉండిపోనాది."

వాడు నవ్వాడు. పిన్ని నవ్వలేదు. "మరి నా ఆముదమో?"

"నీ కాడా తప్పయిపోనాది పిన్నీ" అని చేతులు జోడించాను. చార్టులో పేరు చూసుకోకుండా ఇక ఏ దండకీ మెడ వంచను. నేటికీ నిగనిగలాడే ఈ మోకాలి మీద ఒట్టు.