బాణం గుర్తు ఉన్న పాట

ఏ వస్తువు చేతికొచ్చినా లోపలేముందో చూడందే హెన్నీ మ్యాడ్సెన్‌కి నిద్ర పట్టదు. చిన్నప్పుడు ఇంట్లో గోడగడియారం విప్పి, మళ్లీ బిగించేసరికి రెండు మరలు మిగిల్చిన ఘనత ఆమెది. పెద్దయ్యాక గడియారాలను వదిలేసి మాటల మీద పడింది. హోల్‌స్టెబ్రో అనే ఊళ్లో నీటి మోటార్లు అమ్మే చిన్న కంపెనీలో ఆఫీసు పనంతా ఆమెదే. "కంప్యూటర్లో ‘రద్దు’ నొక్కినా తెర మీది పెట్టె మాయమవుతోంది, ‘మూసెయ్’ నొక్కినా మాయమవుతోంది. మరి రెండు మాటలెందుకు?" అని ఓనరు మొగెన్స్ తల తినేసేది.

"పోయిందిగా, అది చాలదా నీకు?" అని ఆయన విసుక్కునేవాడు. చాలదు. ఆమెకు ఏదీ చాలదు.

ఇంత ఆరా తీసే మనిషి, ఒక్క మాట దగ్గర మాత్రం తనకంతా తెలుసనుకుంది. అదే కొంప ముంచింది.

ఆమెకి పాటలు కట్టే చెయ్యుంది. వాళ్ల ప్రాంతంలో పుట్టినరోజుకో పెళ్లిరోజుకో అందరూ బల్ల చుట్టూ చేరాక, తెలిసిన వరసలో ఆ మనిషి మీద కట్టిన కొత్త పాట పాడకపోతే అది విందే కాదు. ప్రతి పళ్లెం పక్కనా పాట కాగితం ఉండాలి. అందులో ఆ మనిషిని కాస్త గట్టిగానే ఏడిపించి ఉండాలి. చుట్టుపక్కల ఎవరింట్లో వేడుకైనా హెన్నీ దగ్గరికే వచ్చేవారు. భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్లోనే పాట కట్టేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకునేది.

అక్కడే కంప్యూటరు అడిగేది, కాపీ కావాలా, షార్ట్‌కట్ కావాలా అని. అడిగితే ఊరుకుంటుందా! మొదటిసారే రెండూ చేసి చూసింది. కాపీ లావుగా ఉంది, షార్ట్‌కట్ చిటికెడు చోటు కూడా తీసుకోలేదు. తెరిస్తే రెండింట్లోనూ అదే పాట, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. షార్ట్‌కట్ అంటే గట్టిగా పిండి ఆరేసిన కాపీ అని తేల్చేసుకుంది. దాని బొమ్మ మూలన ఉన్న బుల్లి బాణాన్ని చూసి, ప్రయాణానికి సిద్ధమని అర్థం కాబోలు అనుకుంది. లావుది ఎవరు మోస్తారు? ఆనాటి నుంచి అన్నీ షార్ట్‌కట్‌లే. వేసుకున్న ప్రతిసారీ తెరిచి సరిచూసుకునేది కూడా, అదే ఆఫీసు కంప్యూటర్లో. కాగితాలూ అక్కడే అచ్చువేసుకునేది కాబట్టి ఎన్నడూ తేడా రాలేదు.

ఈసారి పాట అక్క ఆస్టా మీద. తల్లి పోయాక హెన్నీని పెంచింది ఆస్టాయే. ఇద్దరూ ప్రేమని నోటితో చెప్పుకునే రకం కాదు. కలిస్తే వాతావరణం గురించి, పడవ వేళల గురించి మాట్లాడుకుంటారు. తన కోసం వేడుకంటే ఇన్నాళ్లూ ఒప్పుకోని ఆస్టా, డెబ్బయ్యో పుట్టినరోజుకి ఎలాగో తలూపింది. నలుగురిలో అక్కకి ఒక్కసారైనా మనసులో మాట వినిపించాలని హెన్నీ ఆశ. నోరు పెగలదు కాబట్టి పాటే దిక్కు. మొగెన్స్ ప్రింటరు చెడిపోయిందని, అచ్చు విందు జరిగే చోటే వేయించుకుందామని, పెన్‌డ్రైవ్ సంచీలో పెట్టుకుని రైలెక్కి, పడవెక్కి, శనివారం మధ్యాహ్నానికి తాను పుట్టిన, అక్క ఇప్పటికీ ఉంటున్న దీవికి చేరింది.

విందు హాలు చూసుకునే ప్రెబెన్ ఆమెతో చదువుకున్నవాడే. వెనక గదిలో పెన్‌డ్రైవ్ పెట్టి, నొక్కి, మళ్లీ నొక్కి తల అడ్డంగా ఊపాడు.

"నీ పాట లేదు హెన్నీ."

"కళ్లు కనపడట్లేదా? ‘ఆస్టా డెబ్బై’ అని అంత పెద్ద పేరుంటేనూ!"

"పేరుంది తల్లీ, పాట లేదు. ఈ బాణం చూశావా? ఇది షార్ట్‌కట్. పాట ఎక్కడుందో చెప్తుంది, అంతే. మీ ఆఫీసు కంప్యూటర్లో ఉందట."

"అంటే నేను మోసుకొచ్చింది..."

"ఇంటి అడ్రసు. ఇల్లు అక్కడే వదిలేసి వచ్చావు."

ఇంకొకరైతే నెత్తి కొట్టుకునేవారు. హెన్నీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి అక్కడ తెరుచుకుందేం?"

"అక్కడ అడ్రసు చూపిస్తే ఇల్లు పక్కనే ఉందిగా. ఇక్కణ్ణుంచి మధ్యలో సముద్రం."

"అదే కాపీ చేసుంటే?"

"పాటే నీతో వచ్చేది. మీ ఆఫీసు తగలబడినా మేమిక్కడ హాయిగా పాడుకునేవాళ్లం."

"ఓహో!" అంది హెన్నీ, కొత్త బొమ్మ దొరికిన పిల్లలా. మిగతా పాటలన్నీ వరసగా నొక్కించింది. అన్నిటికీ బాణాలే. ఇన్నేళ్లుగా సంచీలో భద్రంగా తిప్పింది ఒట్టి అడ్రసులని తెలిసి పకపకా నవ్వింది. అంతలో హాల్లో పళ్లాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

మొగెన్స్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం ఆయన పడవలో చేపలు పడుతూ ఉంటాడు. గుర్తు తెచ్చుకుందామంటే ఎవరెవరివో పాటలు వచ్చి పడుతున్నాయి గానీ ఆస్టా పాట రాదు.

మాంసం వడ్డన అయ్యాక అందరూ పళ్లేల పక్కన కాగితాల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"ఏమే, ఊరందరికీ కడతావు, నాకు మాత్రం లేదా?" అంది ఆస్టా. "డెబ్బై ఏళ్లలో ఏడిపించడానికి ఒక్కటీ దొరకలేదా?"

హెన్నీ చెంచాతో గ్లాసు మీద కొట్టి లేచింది. బాణం సంగతి దాచకుండా చెప్పింది. "పాట ఎక్కడుందో మాత్రం నాకు బాగా తెలుసు" అనేసరికి హాలంతా ఘొల్లుమంది. నవ్వులు తగ్గాయి. ఆమె ఇంకా నిలబడే ఉంది. కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఇప్పుడు కూర్చుంటే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకి భయం వేసింది.

"లెక్కల్లో నువ్వే ముందుండేదానివి" అంది, బల్లగుడ్డ వంక చూస్తూ. "పై చదువులు చదవాలని నీకే ఉండేది, నాకు కాదు. అమ్మ పోయిన వారానికే పుస్తకాలు మాస్టారికి ఇచ్చేసి బేకరీలో చేరావు. నన్ను మాత్రం బడి మాననివ్వలేదు. ఇన్నాళ్లూ ఆఫీసులో నేను కూర్చున్న కుర్చీ నీది అక్కా. నాకు తెలుసు. తెలిసీ ఒక్కసారీ అనలేదు."

ఆస్టా చేతిగుడ్డ తీసుకుని కళ్లు తుడుచుకోకుండా ముక్కు తుడుచుకుంది.

"ఈ మాట ఆ పాటలో ఉందా?"

"లేదు. ప్రాస కుదరలేదు."

"అయితే ఆ పాటని అక్కడే ఉండనీ" అంది ఆస్టా.