కడప బండ మీద హార్డ్ డిస్క్

2006లో నన్ను కడప నుంచి కర్నూలు శాఖకు సీనియర్ సర్వీసు ఇంజనీరుగా బదిలీ చేశారు. మాది కంప్యూటర్ల నిర్వహణ సంస్థ. బ్యాంకులు, ఆసుపత్రులు, డోన్ వైపు వ్యాపారులు మా ఖాతాదారులు. ఇళ్లలో సినిమాలు చూసే కంప్యూటర్ల జోలికి మేం వెళ్లేవాళ్లం కాదు. అయితే డోన్‌లో బట్టల దుకాణం నడిపే రంగయ్య శెట్టి మా పాత ఖాతాదారు. ఆయన మాట కాదనడం మా మేనేజరు వల్ల కాలేదు, పని నా నెత్తిన పడింది.

శెట్టి ఇంట్లో పెద్ద టీవీ, చుట్టూ స్పీకర్లు, సినిమాలన్నీ దాచిన కంప్యూటరు అప్పటికే ఉన్నాయి. "డిస్కు మార్చల్ల సార్. చప్పుడు ఉండగూడదు" అన్నాడు. చెవిపెట్టి విన్నాను. కొద్దిగా గుయ్‌మనే మోత తప్ప ఏమీ లేదు. ఈ మాత్రం దానికి ఎండలో ఇంత దూరం రప్పించాడా అని నాకు ఒళ్లు మండింది.

అప్పుడాయన నన్ను వరండాలోకి తీసుకెళ్లి భార్య శారదమ్మ సంగతి చెప్పాడు. ఆమె వినికిడి తగ్గి చెవికి మిషన్ పెట్టుకుంది. ఆ మిషన్ మాటను పెంచినట్టే మోతనూ పెంచుతుంది. మనకు గుయ్‌మన్నది ఆమెకు పిండిమర. "ముందంతా ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతాండె. పిల్లోళ్లు విసుక్కునిరి. ఇప్పుడు అడగదు. మేము నగితే మా మొగాలు చూసి తానూ నగుతాది. అది చూస్తాంటే నాకు శానా కష్టంగా ఉండాది సార్" అన్నాడు. దాంతో నా విసుగు దిగిపోయింది.

హార్డ్ డిస్కులో పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వేగం రకమైతే నిమిషానికి 7200 సార్లు, నెమ్మది రకమైతే 5400. తిరిగేటప్పటి మోత ఒకటి, చదివే చెయ్యి అటూ ఇటూ కదిలేటప్పటి కటకట ఇంకొకటి. ఉక్కు గుండ్ల బేరింగు కన్నా నూనె పొర మీద తిరిగే బేరింగు నయం. సినిమా చూడ్డానికి నెమ్మది రకం చాలు, పైగా మన ఎండలకు అది తక్కువ వేడెక్కుతుంది. కంపెనీ కాగితాల్లో చప్పుడు అంకెలు చూసి ఒకటి ఎంచాను. శెట్టి ఒప్పుకోలేదు.

"చీర ఇప్పి సూపకుండా అమ్మితే మీరు తీసుకుంటారా? ఉన్నవన్నీ తెండి సార్. కట్టుకునేటామే సూసుకుంటాది" అన్నాడు.

దుకాణం సెలవు రోజున, చీరలు పరిచే తెల్లటి పరుపు మీద డిస్కులన్నీ పరిచి, ఒక్కొక్కదానికే కరెంటిచ్చి తిప్పి వినిపించాను. శారదమ్మ బేరానికి వచ్చిన మనిషిలా ఎదురుగా కూర్చుని, తల వంచి విని, నచ్చనిదాన్ని చేత్తో పక్కకు తోసేది. తొందరలేదు, మొహమాటం లేదు. చివరికి ఒకదాని మీద చెయ్యి వేసి "ఇది మెత్తగా ఉండాది" అంది. అది నేనెంచినదే. కాస్త మీసం మెలేశాను.

ఆ గొప్ప సాయంత్రం దాకా నిలవలేదు. ఇంట్లో బిగించి సినిమా వేశాక శారదమ్మ అందరి మొహాలూ చూసి, అందరి తర్వాత నవ్వింది. బాగుందని కూడా అంది. శెట్టి మాత్రం తల అడ్డంగా ఊపాడు. నేను లేచి కంప్యూటరు ఉన్న అలమర మీద చెయ్యి పెట్టాను. గోడలోకి దింపిన కడప బండ అది, సన్నగా వణుకుతోంది. డిస్కు అదురు పెట్టెకు, పెట్టె అదురు బండకు, బండ అదురు గోడకు పాకి మోతవుతోంది. దుకాణంలో ఆ అదురునంతా దూదిపరుపు మింగేసింది. మెత్తటి పరుపు మీద పరీక్ష పెట్టి, తెచ్చి బండ మీద కూర్చోబెట్టడం మా సీమవాళ్లకే చెల్లింది.

పెట్టె కింద బొంత పరుద్దామన్నాడు శెట్టి. గాలి రంధ్రాలు మూసుకుపోయి డిస్కు ఉడికిపోతుందన్నాను. ఆయన "అట్లయితే దానికే ఉయ్యాల గడదామా సార్" అంటూ దుకాణం నుంచి నిక్కర్లకు కుట్టే వెడల్పాటి ఎలాస్టిక్ తెచ్చాడు. స్క్రూలు బిగించకుండా డిస్కును వేలాడదీయడం మా నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. అయినా ఆ ఆలోచనకు ముచ్చటపడ్డాను. పెట్టెను ఎవరూ కదపకూడదని ఒట్టు పెట్టించుకుని, ఎలాస్టిక్ పట్టీల మీద డిస్కును పెట్టె లోపలే వేలాడదీశాను. బండ మీద చెయ్యి పెడితే వణుకు లేదు.

పాత హాస్య సినిమా ఒకటి వేశారు. కాసేపటికి శారదమ్మ ఫక్కున నవ్వింది, ఎవరి మొహమూ చూడలేదు. పిల్లలు ఆమె తర్వాత నవ్వారు. ఆమె భర్త వైపు తిరిగి "ఇన్నారా ఆ మాట?" అంది.

అంతసేపూ తెర వదిలేసి ఆమెనే చూస్తున్న శెట్టి, "ఏమన్నాడు?" అని అడిగాడు. ఆమె విసుక్కోకుండా మొదటి నుంచి చెప్పింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, చప్పుడని ఎవరు ఫిర్యాదు చేసినా యంత్రం విప్పకముందు నేను అడిగినవి రెండే. అది దేనిమీద కూర్చుంది, దాన్ని వినేది ఎవరు.