అక్క రేకు బకెట్టు

నా గుండెల మీద పన్నెండేళ్ళుగా ఒక బకెట్టు ఉంది. రేకు బకెట్టు. నీళ్ళు తోడుకునేది. నవ్వకండి. ఒకడు అప్పులు మోస్తాడు, ఇంకొకడు నిందలు మోస్తాడు. నేను బకెట్టు మోస్తున్నాను. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. సింహాచలం వెళ్ళి కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు దేవుడికీ చెప్పలేదు. ఆయనకి తెలిసే ఉంటుందిలే అని తప్పించుకున్నాను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను విశాఖపట్నం పోర్టులో లాంచీ మీద పనిచేసేవాణ్ణి. లంగరేసిన ఓడలకీ ఒడ్డుకీ మధ్య మనుషుల్నీ సామాన్లనీ చేరవేయడం పని. మాది చేపల వేట కుటుంబం. నాకు ఈత నడకకంటే ముందు వచ్చిందని మా అమ్మ అనేది. మా అక్క మొగుడు, అంటే మా బావ, మన దేశపు సరుకుల ఓడ మీద నావికుడు. మంచి పొడగరి. ఆ మీసం మీద నిమ్మకాయలు నిలబెట్టొచ్చని పేటంతా చెప్పుకునేవారు. బావ ఎవరికీ తలవంచే రకం కాదు. మీసానికి నూనె రాసేటప్పుడు అద్దానికి తప్ప.

ఆ ఏడాది ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన ఓడలు వంతు రాక రేవు బయట రోజుల తరబడి పడి ఉన్నాయి. పని లేని నావికుడు ఏం చేస్తాడు? పోర్టు పక్కనున్న నావికుల క్లబ్బుకి వచ్చి తన దేశం గొప్పని ఇంకో దేశంవాడి చెవిలో అరుస్తాడు. పోలండు వాళ్ళు తాగడంలో తమని మించినవాళ్ళు లేరన్నారు. కొరియా వాళ్ళు ఏమీ అనకుండా అందర్నీ పింగ్‌పాంగులో ఓడించారు. గ్రీకులు మాత్రం సముద్రాన్ని వాళ్ళ తాతలే తవ్వించినట్టు మాట్లాడేవారు. వాళ్ళ పెద్ద సరంగు, అంటే నావికుల మేస్త్రీ, యానిస్ అని ఒకాయన. పీపా అంత ఛాతీ, తెల్లగడ్డం. మాటలెందుకు, ఓడల మీది ప్రాణరక్షణ పడవలు దింపి తెడ్ల పందెం వేద్దామని ఆయనే అన్నాడు. వేశారు. గ్రీకులు పోలండుని ఓడించారు. కొరియాని ఓడించారు. ఇక మిగిలింది మా బావ ఓడ ఒక్కటే.

బావ క్లబ్బులో అందరి ముందూ మీసం మీద చెయ్యేసి, ఓడిపోతే ఇది ఉండదు అన్నాడు. ఇంగ్లీషులో చెప్పలేక వేళ్ళతో కత్తెర చూపించాడు. అన్ని దేశాలవాళ్ళకీ అర్థమైంది.

మనవాళ్ళ జట్టు చూడాలి. మలయాళీ, గోవా వాడు, గుజరాతీ, ఉద్యోగంలో చేరేదాకా సముద్రం చూడని పంజాబీ, ఇంకా ఎవరెవరో. ఒకడి మాట ఇంకొకడికి తెలియదు. బావ వాళ్ళకి నేర్పింది ఒక్కటే మాట, హైలెస్సా. రెండు రోజుల్లో పంజాబీవాడు టీ తాగేటప్పుడు కూడా హైలెస్సా అంటున్నాడు.

ఇక్కడే బకెట్టు వస్తుంది. బరువు లాగడం అలవాటైతే, బరువు తీసేసిన రోజున పడవ ఎగిరిపోతుందని బావ సిద్ధాంతం. అక్కకి చెప్పకుండా ఇంట్లోంచి రేకు బకెట్టు తెచ్చాడు. పడవ వెనక, నీళ్ళ కింద, చుక్కాని ఇనుముకి పొట్టి తాడుతో కట్టాం. మూతి ముందుకి, అడుగు వెనక్కి. పడవ ముందుకి కదిలితే బకెట్టు నీళ్ళు నోట్లో నింపుకుని వెనక్కి గుంజుతుంది. పైనుంచి ఎవరికీ కనపడదు. జట్టుకి కూడా బావ చెప్పలేదు, తెలిస్తే మెల్లగా లాగుతారని. వారం రోజులు పాపం వాళ్ళు, సముద్రమంటే ఇంత బరువా అనుకుంటూ లాగారు. ఈ రహస్యం బావకీ నాకూ మాత్రమే తెలుసు. పందెం రోజు పొద్దున్న నీళ్ళలో మునిగి ఆ తాడు విప్పడం నా పని. అదొక్కటే పని. భారతదేశం మొత్తం మీద ఆ రోజు నాకు అప్పగించిన పని అదొక్కటే.

మరి ఎందుకు విప్పలేదు? తాగి పడుకున్నానా? లేదు. జబ్బుచేసిందా? లేదు. గ్రీకుల దగ్గర ఏమైనా పుచ్చుకున్నానా? ఒట్టు, ఒక్క జున్ను ముక్క. అసలు కారణం చెప్పడానికే సిగ్గు. నేను ఆ టైములో నా దేశాన్ని పొగుడుతున్నాను.

ఆ పొద్దున్న గ్రీకుల జట్టుని వాళ్ళ ఓడ నుంచి తీసుకురమ్మని లాంచీ ఇచ్చి పంపారు. వెళ్ళాను. వాళ్ళింకా బట్టలేసుకుంటున్నారు. యానిస్ నన్ను పైకి పిలిచి తెల్లటి ఉప్పు జున్ను చేతిలో పెట్టి, మీ దేశంలో ఇలాంటిది ఉందా అని సైగ చేశాడు. నా ఒళ్ళు మండింది. మా పెరుగు ముందు ఇదెంత అన్నాను. ఆయన నవ్వి, "మా అలెగ్జాండర్ మీ దేశం వచ్చాడు, తెలుసా?" అన్నాడు. అంతే. బళ్ళో ఐదో క్లాసులో చదివిన పాఠమంతా నాలుక మీదికి వచ్చేసింది. వచ్చినవాడు ఎందుకు తిరిగిపోయాడో అడగమన్నాను. మా పురుషోత్తముడి ఏనుగుల్ని నాకు వచ్చిన ఇంగ్లీషులోనూ, రానిచోట తొండంలా చెయ్యి ఊపీ వర్ణించాను. మా బావ సొరచేపని ఒంటిచేత్తో ఒడ్డుకి ఈడ్చాడన్నాను. అబద్ధం. మా జట్టు ఇంతవరకూ ఓడిందే లేదన్నాను. అదీ అబద్ధమే, ఇంతవరకూ ఆడిందే లేదు. వాళ్ళంతా చుట్టూ మూగి చప్పట్లు కొడుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

లాంచీ తిప్పుకుని రేవులోకి వచ్చేసరికి మనవాళ్ళ పడవ పందెం గీత దగ్గర నిలబడి ఉంది. ఒడ్డు నిండా జనం. గ్రీకులు తాడు పట్టుకుని వాళ్ళ పడవలోకి దిగారు. బావ నన్ను చూసి కనుబొమలెగరేశాడు, అయిందా అని. నేను తలూపాను. ఎందుకు ఊపానో నాకు ఈ రోజుకీ తెలియదు. కంగారులో మెడ దానంతటదే ఊగింది. తల కిందికి వచ్చాక గాని బకెట్టు గుర్తుకు రాలేదు. అప్పటికే జెండా ఊపేశారు.

ఆ పందెం ఎలా సాగిందో చెబితే మీకు నమ్మబుద్ధి కాదు. గ్రీకులు దూసుకుపోతారనుకున్నాను. పోలేదు. బకెట్టుతో సహా మనవాళ్ళు వాళ్ళ పక్కనే ఉన్నారు. హైలెస్సా, హైలెస్సా అని పంజాబీవాడి గొంతు డాల్ఫిన్ ముక్కు కొండకి తగిలి తిరిగి వస్తోంది. బావ మెడ నరాలు తాళ్ళలా తేలాయి. లాంచీ మీద నుంచి నేనొక్కణ్ణే నోరు మూసుకుని చూస్తున్నాను. ఊరంతా గెలవాలని మొక్కుకుంటుంటే, నేను తాడు తెగిపోవాలని మొక్కుకున్నాను. తెగలేదు. ముడి వేసింది నేనే, మా వంశంలో ముడులు ఊడవు. ఒక్క పడవ పొడవు తేడాతో గ్రీకులు గెలిచారు.

ఇంతవరకూ జరిగింది మతిమరుపు. తప్పు దీని తరవాత చేశాను. వారం రోజులుగా నీళ్ళలోనే ఉన్న పడవని ఇక తిరిగి ఓడ మీదికి ఎత్తుతారు. ఎత్తితే బకెట్టు గంటలా వేలాడుతూ ఊరంతటికీ కనపడుతుంది. అందరూ తెడ్ల మీద వాలిపోయి రొప్పుతుంటే, సాయం చేసేవాడిలా నీళ్ళలోకి దూకాను. మొలలో చేపల కత్తి ఉంది. తాడు కోసేశాను. బకెట్టు ఒకసారి బుడగలు వదిలి కిందికి వెళ్ళిపోయింది. నేను పైకి వచ్చాను. బావ పడవ అంచు మీదుగా వంగి, గుసగుసగా అడిగాడు.

"ఒరే, బకిట్టీ ఇప్పీసినావా?"

"ఇప్పీసేను బావా."

"నిజింగా?"

"నీ మీదొట్టు. కావాలంటే సెయ్యెట్టి సూసుకో."

చెయ్యి పెట్టి చూశాడు. లేదు. ఆ క్షణాన నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇంత నిజమైన అబద్ధం నేను జన్మలో ఇంకొకటి ఆడలేదు.

అప్పుడే యానిస్ తన పడవ పక్కకి తెచ్చి బావని వాటేసుకున్నాడు. ఆయన అరచేతులు చిట్లి రక్తం కారుతున్నాయి. "స్ట్రాంగ్! స్ట్రాంగ్!" అంటున్నాడు. జాలిపడుతున్నాడనుకుని బావ తల తిప్పుకున్నాడు. ఆ నిమిషంలో నేను నోరు తెరిచి ఉంటే? అలెగ్జాండర్ వంశంవాడు, పౌరుషమున్నవాడు, మళ్ళీ పందెం వేద్దామనేవాడే. వేస్తే మనవాళ్ళు ఎగిరిపోయేవాళ్ళే. తెలిసి కూడా దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. మర్నాడు గ్రీకుల ఓడకి వంతు వచ్చింది, ఖనిజం ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇక ఎవరికి చెప్పాలి?

ఆ సాయంత్రమే బావ మీసం తీయించేశాడు. అక్క తలుపు తీసి, ఎవరు కావాలండీ అని అడిగింది. గ్రీకుల్ని ఓడించేదాకా మళ్ళీ పెంచనన్నాడు. అలాంటి పందెం మళ్ళీ జరగలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. బకెట్టు లేదని తేల్చుకున్నాడు కాబట్టి ఓడిపోవడానికి ఇంకో కారణం కావాలి కదా బావకి. వారం రోజులు ఆలోచించి కనిపెట్టాడు. "ఆళ్ళు గోదుమ తింతారు, మనం బియ్యం తింతన్నాం. అదీ సంగతి." ఆ పూట నుంచి ఆ ఇంట్లో రాత్రి అన్నం బంద్. చపాతీలే. సముద్రం ఒడ్డున పుట్టి, అన్నంలో వంజరం పులుసు పోసుకుని పెరిగిన మా అక్క చేతికి అప్పడాల కర్ర వచ్చింది. ఆవిడ చేసిన మొదటి చపాతీని వీధి కుక్క కరుచుకుపోయి, తినకుండా గొయ్యి తీసి పాతిపెట్టింది. పిల్లలు పక్కింటికి అన్నం వాసన చూడ్డానికి వెళ్ళేవారు. బావ మాత్రం దేశం బాగుపడాలంటే ఇదే దారి అని నములుతూ ఉండేవాడు. తరవాత ఓడ ఉద్యోగం మానేసి, సముద్రం కనపడకూడదని ఏకంగా పెందుర్తిలో ఇల్లు కట్టాడు. తాజా చేప కోసం అక్క రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చినప్పుడల్లా నన్ను అడుగుతుంది, "ఒరే, అమ్మ నాకిచ్చిన రేకు బకిట్టీ ఎవుడు పట్టుకుపోనాడ్రా?" అని. ఒకసారి ప్లాస్టిక్ బకెట్టు కొనిచ్చాను. నువ్వెందుకు కొన్నావని అనుమానంగా చూసింది.

ఈ మధ్య సీతమ్మధారలో డాక్టరు బావని పరీక్షించి, ఈ వయసులో షుగరు లేదు, రాత్రి చపాతీ మంచి అలవాటు అన్నాడట. ఆ మాట విని నాకు ఒక్క పూట హాయిగా అనిపించింది. చూశావా, మేలే చేశావు, అనుకున్నాను. మర్నాడు అక్క పొయ్యి దగ్గర పిండి ముద్దలు చేస్తూ, ఎవరూ చూడకుండా మధ్యాహ్నం మిగిలిన అన్నం మెతుకులు నోట్లో వేసుకోవడం చూశాను. నా సొంత అక్క తన ఇంట్లో తాను అన్నం దొంగిలిస్తోంది. అయినా చెప్పానా? చెప్పలేదు. బావ కొడతాడని మొదట్లో భయం. ఇప్పుడు ఆ భయం లేదు. చెబితే కొట్టకుండా ఊరుకుంటాడేమోనని భయం.

పోయిన నెల బావ ఏదో పని మీద పోర్టు వైపు వచ్చాడు. రేవు దారిలో డ్రెడ్జరు మట్టి తోడుతోంది. ఇద్దరం నిలబడి చూశాం. బురద పైకి వచ్చినప్పుడల్లా నేను మెడ చాచి అందులో వెతుకుతున్నాను. బకెట్టు పైకి వస్తుందేమో. అక్క పేరు దాని మీద చెక్కి ఉంది కూడాను.

"ఏటిరా అలాగ సూత్తన్నావ్?" అన్నాడు.

"ఏటీ నేదు బావా."

నున్నటి పై పెదవి తడుముకుంటూ అన్నాడు. "ఆ రోజు పడవ బరువుగా ఉన్నాదిరా. ఎవుడో ఎనక్కి లాగీసినట్టుండీది. ఎవులికి సెప్పినా నవ్వుతారు."

ఈ మాట ఆయన పన్నెండేళ్ళుగా అంటున్నాడు. అన్నప్పుడల్లా, భ్రమ బావా, అని నేనే కొట్టిపారేస్తూ వచ్చాను. ఆయన చేతులు నిజం చెబుతున్నాయి, ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది నేను. ఆ రోజు మాత్రం నోరు పెగిలింది. "ఉండుంటాది బావా" అన్నాను. అంతే అనగలిగాను. ఆయన నా వంక తిరిగి చాలాసేపు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అలా అనుకుంటున్నాను గాని, ఏమో.

మీకు చెప్పేశాను కదా, కొంచెం గాలాడుతోంది. క్షమించమని అడగను, క్షమించాల్సినవాళ్ళు మీరు కారు. ఒక్క ముక్క మాత్రం ఎక్కడో ఒకచోట బయటికి అనాలి. ఆ రోజు గెలిచింది మనవాళ్ళు. వెనకాల బకెట్టు లాక్కుంటూ కూడా ఒక్క పడవ పొడవే వెనకబడ్డారు. అంతటి జట్టు ఈ రేవులో మళ్ళీ కనపడలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ రాత్రికి అక్క భోజనానికి రమ్మంది. చపాతీలే. ఎన్ని వేస్తే అన్నీ తింటాను.