గింజ తొక్కని పరుగు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది. నా నోరు మంచిది కాదు. మండపేట దగ్గర పల్లెటూరి హైస్కూల్లో ఆటల టీచరుగా చేరిన ఏడాదే ఆ సంగతి ఊరందరికీ తెలిసిపోయింది.

ఆ ఏడు సార్వా వరి కోతలప్పుడు, ఆదివారం సెలవు గడిచి స్కూలుకెళ్లేసరికి గ్రౌండు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బరకాలు పరిచి ధాన్యం ఆరబోసేశారు. మా ఖోఖో అమ్మాయిలకేమో జిల్లా సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి. చెట్టు నీడన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్న పెద్ద రైతు దగ్గరికి వెళ్లి సగం ఖాళీ చెయ్యమని అడిగాను.

"ఇంకెక్కడ పొయ్యమంటారండి మేడం గారూ? అయినా ఆడపిల్లలకి పరుగులెందుకండి? ఎవర్ని తరుముతారు?" అన్నారాయన. పక్కనున్న మగాళ్లందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ధాన్యం తడిస్తే ఇంటిల్లిపాదీ ఎలా ఏడుస్తారో కౌలు రైతు కూతురిగా నాకూ తెలుసు. ఆ నవ్వునే భరించలేకపోయాను. బరకానికీ బరకానికీ మధ్య మనిషి నడవడానికి వదిలిన సందులు కనిపించాయి.

"సరేనండి. ఈ సందుల్లోనే పరిగెడతాం," అన్నాను.

"ఒక్క గింజ తొక్కినా ఆ రోజుకి ఆట ఆపెయ్యాలి మరి."

"అలాగేనండి."

జట్టులో ఒక పదో తరగతి పిల్ల ఉండేది. వాళ్లమ్మ అదే గ్రౌండులో కూలికి ధాన్యం తిరగబోసేది. తిన్నగా పరిగెడితే ఆ పిల్లని పట్టేవాళ్లు లేరు. చిక్కంతా మలుపు దగ్గరే. ఆగలేక బయటికి కొట్టుకుపోయేది. ఖోఖోలో అలా పోతే దొరికిపోయినట్టే. పది అయ్యాక దాన్ని పనిలో పెట్టేద్దామని ఇంట్లో అప్పుడే అనేసుకున్నారు. సెలక్షన్లో నెగ్గితే తప్ప దాని ఆట అక్కడితో సరి.

మొదటి రోజు మొదటి మలుపులోనే ఆ పిల్ల ధాన్యంలోకి దూసుకుపోయింది. మగాళ్లు చప్పట్లు కొట్టారు. చెదిరిన ధాన్యాన్ని చీపురుతో దగ్గరకు తోస్తూ వాళ్లమ్మ, "దాన్నొదిలెయ్యండి మేడం గారూ. మాకెందుకండీ ఈ ఆటలు?" అంది, తలెత్తకుండా.

"వదలను," అన్నాను.

పరిగెత్తడం అందరికీ వస్తుంది. ఆగి, తిరిగి, మళ్లీ వేగం అందుకోవడమే కష్టం. "మలుపు రాకముందే అడుగులు చిన్నవి చెయ్యి. నడుం దించు. బయటి కాలు గట్టిగా ఆనించి లోపలికి తిరుగు," అని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఖాళీ గ్రౌండులో జారితే మోకాలు చెక్కుకుపోతుంది, అంతే. ఇక్కడ జారితే ఆ పూట జట్టు మొత్తానికి ఆట లేదు. ఆ భయమే దానికి ఆగడం నేర్పింది. మెల్లగా ఒక మలుపు దాటింది, తర్వాత రెండోది. చప్పట్లు ఆగిపోయాయి.

ఒక సాయంత్రం తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది. కూలీలు చాలామంది వెళ్లిపోయారు. పెద్ద రైతు కుర్చీలోంచి లేచి, "మేడం గారూ, పిల్లల్ని పరిగెత్తమనండి! ధాన్యం కప్పాలి!" అని కేకేశారు.

"ఆడపిల్లలకి పరుగులెందుకండి?" అన్నాను.

నాకు హాయిగా అనిపించింది, దాచుకోవడమెందుకు. ఆ పిల్ల మాత్రం నా మాట కోసం ఆగలేదు. దూరంగా వాళ్లమ్మ ఒక్కతే బరకం లాగలేక అవస్థ పడుతోంది. సందుల్లోంచి మలుపు మీద మలుపు తిరుగుతూ వెళ్లి రెండో అంచు అందుకుంది. వెనకే జట్టంతా పరిగెత్తింది. ఈల జేబులో పడేసుకుని నేనూ దిగాను. చినుకులు పడేసరికి ధాన్యమంతా కుప్పలై బరకాల కింద ఉంది.

"రేపట్నుంచి సగం గ్రౌండు మాదండి," అన్నాను తడుస్తూ. అడగలేదు, చెప్పాను. ఆయన తలూపారు.

రాజమండ్రిలో జరిగిన సెలక్షన్లో ఆ పిల్ల నెగ్గింది. ఇప్పుడు కాలేజీ జట్టులో ఆడుతోంది. ఈ ఏడు కోతలకు ముందు తనే వచ్చి, నాతో కలిసి గ్రౌండు మధ్యన సున్నంతో గీత గీసింది. అంతలో పెద్ద రైతు కూలీల చేత బరకాలు మోయించుకుని వచ్చారు. ఆ కూలీల్లో వాళ్లమ్మా ఉంది. నేను నోరు తెరిచేలోపే అది గీత మీద నిలబడి, "ఇటు ఒక్క గింజ పడినా ఆ రోజుకి ఆరబోత ఆపెయ్యాలండి మరి," అంది.

ఈసారి అందరికంటే ముందు నవ్వింది వాళ్లమ్మ.