గోరు మందం ఎత్తు

మా ఆయన చెప్పులు ఎప్పుడూ హాలు గుమ్మం బయటే ఉండేవి. ఆ హాలులో ఇరవై రెండేళ్లు పనిచేశారు. దాదాపు అన్నేళ్లూ ఉత్తకాళ్లతోనే. కొత్తగా వచ్చిన ఆటగాళ్ల తాలూకు వాళ్లెవరో ఆ చెప్పులు చూసి, పాపం ఎవరో మరిచిపోయారనుకుని ఆఫీసులో ఇచ్చేవారు. ఈయన వెళ్లి అడిగి తెచ్చుకునేవారు. ఏటా రెండు మూడుసార్లు ఇదే తంతు. ఎవరినీ ఏమీ అనేవారు కాదు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ హాలులో ఆడేది చక్రాల బూట్ల హాకీ. బూటు కింద చక్రాలు ఒకే వరసలో ఉంటాయి. జట్టుకి నలుగురు ఆడేవాళ్లు, గోలు కాయడానికి ఒకరు. కింద మంచూ ఉండదు, గడ్డీ ఉండదు, ప్లాస్టిక్ పలకలు పరుస్తారు. ఒక్కో పలకకి రెండు అంచుల కొక్కేలు, రెండు అంచుల ఉంగరాలు. ఒకదానిలో ఒకటి పెట్టి నొక్కితే టప్‌మని అతుక్కుంటాయి. హాలు మొత్తం మీద వేల పలకలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి గోరు మందం పైకి లేచినా, గాలిలా దూసుకొచ్చే మనిషి బొక్కబోర్లా పడాల్సిందే. ఆ పలకలు పరవడం, తుడవడం, లేచినవాటిని సరిచేయడం మా ఆయన పని. అందరూ మేస్త్రి అనేవారు. అసలు పేరు నాకూ, మా ఆడపడుచుకీ తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

రోజూ పొద్దున్నే, తలుపులు తీసిన వెంటనే, ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేవారు. మళ్లీ ఆ గోడ నుంచి ఈ గోడకి. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు సగం మూసుకుని, పలకకో అడుగు. ఎక్కడో ఆగి, మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. టప్. మళ్లీ నడక. మేనేజరు గారు ఒకసారి నీటిబుడగతో నేల మట్టం చూసే పనిముట్టు కొనిచ్చారు. దాన్ని ఈయన టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

ఇంట్లోనూ అంతే. పొద్దున వంటింట్లోకి అడుగుపెడుతూనే, నిన్న పంచదార ఒలికిందా అని అడిగేవారు. నేను తుడిచేశాననుకున్న చోట ఒక్క పలుకు మిగిలి ఉండేది. మా ఆడపడుచు నవ్వేది. "అన్నయ్యకి కళ్లు కాళ్లలో ఉన్నాయి వదినా. అందుకే ఎదురుగా నువ్వు కొత్త చీర కట్టుకుని నిలబడ్డా కనపడదు."

ఒకనాడు ఆయన పని నుంచి వచ్చి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఏదో చెబుతున్నారు. గచ్చు మీద ఎర్రటి చుక్కలు వరసగా కనిపించాయి. కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తి చూస్తే, అరికాల్లో స్క్రూ. చక్రాలకి బిగించే చిన్న స్క్రూ, తల దాకా దిగిపోయి ఉంది. ఆయనకి తెలియదు. నేను పట్టుకారుతో లాగుతుంటే కూడా నా మొహం వైపే చూస్తున్నారు, నొప్పి పుట్టినట్టు లేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"చలికాలం ముందు నుంచి," అన్నారు.

షుగర్ అప్పటికే ఉంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టరుకి చెప్పారట, నాకు చెప్పలేదు. ముందు మంటలు వచ్చాయట, తర్వాత మంటలు పోయాయట, పోతే బాగుందనుకున్నారట. ఒకరోజు పొద్దున నడుస్తుంటే నేల తెలియలేదట. దూది మీద నడిచినట్టుంది అన్నారు. ఆ రోజు నుంచి ఉత్తినే నడుస్తున్నారు, అలవాటు కొద్దీ. కంటికి ఆనినవి కొడుతున్నారు, ఆననివి వదిలేస్తున్నారు.

మేనేజరు గారికి చెప్పేయమన్నాను.  దానికి మా ఆయన, మన హాలుకి అంతర్జాతీయ పోటీ వస్తోంది అన్నారు. పన్నెండు దేశాల జట్లు. మరో ఏడాదిలో. ఈ నేల అంతా ఒక్కో పలకా తన చేత్తో పరిచిందే. పోటీ అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు, ఆ తర్వాత తనే చెప్పి తప్పుకుంటానన్నారు.

"మరి ఈలోగా ఎవరైనా పడితే?"

ఆయన నా కాళ్ల వైపు చూశారు. "నీ కాళ్లున్నాయిగా."

నాకు నవ్వొచ్చింది. నావి పగుళ్ల కాళ్లు. ఇంత బతుకూ వాటిని తడిగచ్చు మీద తిప్పడం తప్ప వేరే చదువు నేర్పలేదు. ఆయన మాత్రం ఆ రోజే పాఠం మొదలుపెట్టారు. ముందు గదిలో తివాచీ కింద ఎక్కడో అట్టముక్క దాచేవారు. నేను కళ్లు మూసుకుని నడిచి ఎక్కడుందో చెప్పాలి. అట్టముక్క అయ్యాక మడిచిన కాగితం. ఆ తర్వాత ఒక్క పొర కాగితం. "మడమ మొద్దుది, దాన్ని నమ్మకు. బొటనవేలి కింద మెత్త ఉంది చూడు, అది చెబుతుంది. దానికి టైం ఇవ్వు," అనేవారు. రెండు నెలలు పట్టింది. తివాచీ కింద అసలేమీ పెట్టకుండా నన్ను అటూ ఇటూ నడిపించి, ఏమీ లేదని నేను ధైర్యంగా చెప్పిన రోజున, ఇక రా అన్నారు.

తుడవడానికి మా ఆవిడ సాయం వస్తుందని మేనేజరు గారికి చెప్పారు. ఆయన ముందు నడిచేవారు, తల వంచుకుని, ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని. నేను వెనకాల తడిబట్ట కర్ర పట్టుకుని ఉత్తకాళ్లతో. ఎవరూ లేనప్పుడు "ఇక్కడ" అనేదాన్ని. ఎవరైనా ఉంటే దగ్గేదాన్ని. ఆయన చప్పున వెనక్కి తిరిగి, తనకే తెలిసినట్టు ఆ పలక మీద కూర్చునేవారు. టప్. మేనేజరు గారు నా దగ్గు విని విని, ఒకనాడు మందు సీసా తెచ్చి చేతిలో పెట్టారు. ఇంత పొడి దగ్గు మంచిది కాదమ్మా అన్నారు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాను. మా ఆయన ఇంటికి వచ్చేదాకా ఎలాగో ఆపుకుని, గుమ్మంలో చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆయన అంతలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడాది ఉదయాలే ఇప్పుడు నాకు ఎక్కువ గుర్తొస్తాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం మొదటిసారి కలిసి ఒక పని చేసింది అప్పుడే.

పోటీ రానే వచ్చింది. హాలు చుట్టూ జెండాలు కట్టారు. టీవీ వాళ్లు పైన ఇంత పెద్ద లైట్లు బిగించారు. రబ్బరు వాసన, తడిసిన బట్టల వాసన, ఏ దేశం వాళ్లు ఏం అరుస్తున్నారో తెలియని గోల. మేము మెట్ల కింద చిన్న గదిలో కూర్చుని క్యారేజీ విప్పుకునేవాళ్లం. నెత్తి మీద జనం కాళ్లతో కొడుతుంటే మూతలు గలగలలాడేవి. ఒక దేశపు గోలు కాసే పిల్ల రోజూ అందరికంటే ముందు వచ్చి, మోకాళ్ల మీద పడటం, లేవడం, పడటం, లేవడం చేసేది. నన్ను చూస్తే బొటనవేలు ఎత్తి చూపించేది. నేనూ చూపించేదాన్ని.

నాలుగో రోజున అలంకరణ వాళ్లు వచ్చారు. చుట్టూ ఉన్న చెక్కగోడకీ పలకలకీ మధ్య వేలెడు సందు ఉంటుంది. అది టీవీలో నల్లగా అసహ్యంగా కనపడుతోందట. ఆ సందులో నీలం రబ్బరు పట్టీ కూరారు. మా ఆయన వెళ్లి, ఆ సందు కావాలని వదిలిందే, వేడికి పలకలు సాగితే కాళ్లు చాపుకోవడానికి చోటుండాలి అని చెప్పారు. వాళ్లు విని నవ్వి, పని కానిచ్చారు. ఈయన రెండోసారి చెప్పలేదు. ఆ మెతకదనం మీద నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకంటే ఏం చేయగలం?

ఆరో రోజు ఫైనల్. పొద్దున్న నడుస్తున్నాను. ఎడమవైపు గోలు ముందు, పదడుగుల దూరంలో, బొటనవేలి కింద ఏదో తగిలింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. మూడు పలకలు, కలిసి లేచాయి. దగ్గాను. ఆయన సుత్తితో కొట్టారు. దిగాయి. రెండడుగులు వేసేసరికి మళ్లీ లేచాయి. మళ్లీ కొట్టారు, మళ్లీ లేచాయి. ఆయన తలెత్తి లైట్ల వైపు చూశారు, గోడ వెంట నీలం పట్టీ వైపు చూశారు. ఆరు రోజుల వేడికి నేలంతా ఉబ్బి, అంచున చోటు లేక మధ్యలో పైకి లేస్తోంది. పట్టీ మొత్తం తీస్తే తప్ప లాభం లేదు.

ఈసారి ఆయన ఆగలేదు. తిన్నగా ఆఫీసుకి వెళ్లి మేనేజరు గారిని, పెద్ద రెఫరీని వెంటబెట్టుకొచ్చారు. ఆ రెఫరీ వేరే దేశం వాడు, ఆరడుగుల మనిషి, మన మాట రాదు. మధ్యలో మేనేజరు గారు అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. రెఫరీ బూట్లతో ఆ చోట తొక్కి చూశాడు. మేజోళ్లతో తొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం టీవీలో లోకమంతా చూసే ఆట, ఇప్పుడు పట్టీ అంతా ఊడబీకమంటే ఎలా అన్నాడట. మా ఆయన కదల్లేదు. అప్పుడు రెఫరీ ఒక మాటన్నాడు. ఈ మేస్త్రి కాళ్ల గురించి అందరూ చెబుతున్నారు కదా, కళ్లు మూసుకుని ఆ చివర నుంచి నడిచి రమ్మనండి. అదే చోటు మళ్లీ పట్టుకుంటే పట్టీ తీయిస్తాను.

 ఆయన నడిస్తే ఆ పలకలు దాటుకుని గోడకి వెళ్లి గుద్దుకుంటారు. నిజం చెప్పకుండా ఊరుకుంటే, ఆయన ఆ చోటికి చేరేసరికి నేను దగ్గొచ్చు. వెనకాల నడుస్తూ దగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను, దగ్గుతాలే అన్నట్టు. ఆయన మేనేజరు గారి వైపు తిరిగారు.

"నా కాళ్లకి ఏడాది పైగా ఏమీ తెలియడం లేదండీ. ఆ చోటు పట్టుకుంది మా ఆవిడ. ఈ ఏడాదంతా పట్టుకుంది తనే. ఆయనకి చెప్పండి."

 ఇన్నేళ్లు పక్కనున్న మనిషి దాచిన సంగతి, జీర్ణించుకునే వ్యవధి కూడా లేకుండా, మేనేజరు గారు తన నోటితోనే ఇంకొకరికి చెప్పాలి. చెప్పారు.  తర్వాత నా వైపు తిరిగారు.

"అయితే అమ్మా, ఆ దగ్గు?"

"మీరిచ్చిన మందు సీసా మూత కూడా తీయలేదండీ," అన్నాను.

రెఫరీ నన్ను ఆ చివరికి తీసుకెళ్లి, భుజాలు పట్టుకుని రెండుసార్లు గుండ్రంగా తిప్పి వదిలాడు. కళ్లు మూసుకున్నాను. అరికాళ్లకి చెమట పట్టింది, తడికాలికి ఏమీ తెలియదు. చీర కుచ్చెళ్లతో తుడుచుకున్నాను. ఒక అడుగు. ఇంకో అడుగు. ఎంతసేపు నడిచానో తెలియదు. ఎక్కడా ఏమీ లేదు, అంతా ఒకటే నున్నన. ఇక అయిపోయింది, ఈయన మాట పోయింది అనుకున్నాను. వేగంగా నడుస్తున్నానని అప్పుడు తట్టింది. టైం ఇవ్వమన్నారు కదా. మెల్లగా, మడమ ఎత్తి, మెత్త ఆనించాను.

"ఇక్కడ," అన్నాను.

కళ్లు తెరిచేసరికి ఆ ఆరడుగుల మనిషి నేల మీద బోర్లా పడుకుని, చెంప పలకకి ఆనించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. అట్లాగే పడుకుని ఏదో అన్నాడు. తీసేయండి అన్నాడట.

పట్టీ కోసి లాగుతుంటే, చివరి ముక్క ఊడాక, నేల మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి వేళ్లు విరిచినట్టు టపటపమంది. మూడు పలకలూ సగం వాటంతటవే దిగాయి. మిగతా సగం మా ఆయన కొట్టారు. ఆ సాయంత్రం ఫైనల్ ఆట మేము గేటు పక్కన నిలబడి చూశాం. నేను చూశాను, ఆయన ఆ మూడు పలకల్నే చూశారు. వాటి మీదుగా నలభై ఒక్కసారి వెళ్లారు, ఒక్కరూ తూలలేదు అన్నారు. ఎవరు గెలిచారని ఇంటికొచ్చాక నన్ను అడిగారు.

మేనేజరు గారు వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున మెత్తటి బూట్లు ఒక జత తెచ్చి ఆయన ముందు పెట్టారు. "ఇక మీరు ఇవి తొడుక్కోండి మేస్త్రీ. నడవడానికి ఆవిడ ఉన్నారుగా," అన్నారు. బూట్లతో హాలులోకి రావడానికి ఆయన దొంగలా భయపడేవారు. అట్లా మూడేళ్లు చేశాం. నేను ఇక్కడ అనడం, ఆయన కొట్టడం. నాలుగో ఏడు కాలి మీద లేచిన పుండు మానలేదు. మంచం మీద ఉన్న రోజుల్లో పొద్దున్నే అడిగేవారు, నేల ఎలా ఉంది అని. నేను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి, తలుపు దగ్గర ఇసుక ఉందనో, పంచదార పలుకు ఉందనో చెప్పేదాన్ని. కొన్ని రోజులు ఏమీ లేకపోయినా ఉందనేదాన్ని. సరే అని కళ్లు మూసుకునేవారు.

పోయిన నెల హాలుకి మరమ్మతులు చేసి పలకలు మళ్లీ పరిచారు. ఒకసారి వచ్చి నడిచి చూడమని మేనేజరు గారు కబురు పెట్టారు. ఆయన పోయాక నేను అటు వెళ్లలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాను. ఇప్పుడు నేల చూసేది ఒక ఆవిడ, నా కంటే పదేళ్లు చిన్నది, నెమ్మదస్తురాలు. వెంట నడిచింది. మూడో వరసలో తగిలింది. ఇక్కడ అన్నాను. ఆమె సుద్దముక్కతో గీత గీసి, అన్నీ చివర్లో ఒకేసారి కొడతానమ్మా, మీరు నడవండి అంది.

నాకు కాలు కదలలేదు. నేను అక్కడే నిలబడ్డాను. ఏమయిందమ్మా అని అడిగింది.

"ఇది ఒక్కటి ఇప్పుడే కొట్టమ్మా," అన్నాను.

ఆమె నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా, సంచిలోంచి సుత్తి తీసి మోకాళ్ల మీద కూర్చుంది. టప్.

నేను పక్క పలక మీదికి అడుగు వేశాను.